ముట్లుడిగిన పిమ్మట రక్తస్రావము

స్త్రీకి ఋతుస్రావము పూర్తిగా నిలిచి, ఎడతెగక పండ్రెండు మాసములు గడచిన తరువాత యోనిమార్గమున కనబడు రక్తమును ఋతువిరామానంతర రక్తస్రావమందురు. అది ధారగా వెడలినను, కట్టుబట్టకు గోధుమవన్నె మరకయై అంటినను, తుడుచుకొన్నప్పుడు లేత గులాబిఛాయగా మాత్రమే కనబడినను, వైద్యశాస్త్రము వానినన్నిటిని ఒకే పేరున పిలుచుచు, ఒకే తీరున పరీక్షింపుమని నిర్దేశించుచున్నది. ఏలయన వెలువడిన రక్తపు పరిమాణమునకును, దానికి మూలమైన వ్యాధి తీవ్రతకును నియతమైన సంబంధమేదియు లేదు. ప్రాణభయము లేని చిన్న కంతి బట్టలు తడియునంత రక్తమును కార్పవచ్చును. క్యాన్సరు ఒక్క చుక్కతో మొదట తన ఉనికిని తెలుపవచ్చును. ఈ లక్షణముతో వైద్యులయొద్దకు వచ్చిన స్త్రీలలో అత్యధికులకు సాధారణమైన, సులభముగా కుదురు కారణములే బయల్పడును. నూటికి సుమారు తొమ్మండుగురికి మాత్రము గర్భాశయపు లోపొర క్యాన్సరు కనబడునని 2018లో ప్రకటితమైన యొక బృహత్సమీక్ష తేల్చినది. అదే సమీక్షలో ఈ సంఖ్యకు రెండవ ముఖమును గలదు: ఋతువిరామానంతరము ఆ క్యాన్సరు సోకిన స్త్రీలలో నూటికి తొంబదిమందికి పైగా ముందుగా కనబడిన లక్షణము ఈ రక్తస్రావమే. భయపడవలసినవారు కొందరే, చూపించుకొనవలసినవారు అందరును అను వైద్యనియమమునకు ఈ రెండు సంఖ్యలే ఆధారము.

పండ్రెండు మాసముల గడువు ఊరక విధింపబడినది కాదు. నలుబది యేండ్లు దాటిన పిదప కొంతకాలము అండాశయములు క్రమము తప్పి పనిచేయును. రెండు మూడు నెలలు ముట్టు రాక, ఇక ఉడిగినదనుకొనునంతలో మరల కనబడుట ఆ దశకు సహజము. ఏడాది నిండిన పిమ్మట ఆ సహజత్వము తొలగిపోవును. పాశ్చాత్యదేశములలో ముట్లుడుగు వయస్సు సగటున 51 సంవత్సరములు కాగా, భారతదేశమున అది నాలుగైదేండ్లు ముందుగానే, అనగా 46, 47 యేండ్ల ప్రాంతమున వచ్చుచున్నది. ఆర్తవము పండ్రెండవ యేట ఆరంభమై యేబదవ యేట క్షయించునని సుశ్రుతుడు శారీరస్థానమున చెప్పిన కాలనిర్ణయము నేటి లెక్కలకు మిక్కిలి దూరము కాకుండుట గమనింపదగినది. ఏండ్ల తరబడి ఆగిన నెలసరి తిరిగి వచ్చినదని మురియుటయో, సరిపెట్టుకొనుటయో మన యిండ్లలో కలదుగాని, అరువదియేండ్ల శరీరములో కనబడు రక్తము నెలసరి కానేరదు. దానికి వేరొక కారణము వెదకవలసినదే.

ఆ కారణములు బోధపడవలెనన్నచో గర్భాశయము లోపలి పొర నడవడి కొంత తెలియవలెను. ఆడశిశువు జన్మించునప్పటికి అండాశయములలో పది లక్షలనుండి ఇరువది లక్షల వరకు అండపు గింజలుండును; వానిలో జీవితకాలమున పక్వమై వెలువడునవి నాలుగైదు వందలు మాత్రమే, తక్కినవి తమంతట తామే క్షీణించును. అవి పనిచేయుచున్నంతకాలము నెలలో మొదటి సగమున ఈస్ట్రోజెన్ అను హార్మోను లోపొరను పెంచును. అండము వెలువడిన తరువాత ప్రొజెస్టిరోన్ అను రెండవ హార్మోను ఆ పెరుగుదలను నిలిపి, పొరను పరిపక్వము గావించును. గర్భము నిలువనియెడల రెండును తగ్గిపోయి, పొర విడిపోయి, ముట్టుగా వెలువడును. అండములు నిండుకొన్నప్పుడు ఈ రెండు హార్మోనులును సన్నగిల్లును, లోపొర పలుచబడి నాలుగు మిల్లీమీటర్లకు లోబడి యుండిపోవును. కనుక ముట్లుడిగిన తరువాతి రక్తస్రావము స్థూలముగా రెండు విధములుగా సంభవించును: పొర మితిమీరి పలుచబడుటచేతనో, పెరుగరాని కాలమున పెరుగుటచేతనో. మొదటిది బహుళము, నిరపాయము. రెండవది అల్పసంఖ్యాకము, శంకాస్పదము.

పలుచబడుటచేత కలుగు స్రావమే ఎక్కువమందిలో కానవచ్చునది. కొన్ని లెక్కల ప్రకారము సగముకంటె ఎక్కువ సందర్భములకు ఇదియే కారణము. హార్మోను పోషణ లేని యోనిగోడలు తమ మడతలను, తేమను, సాగుగుణమును కోల్పోవును. యౌవనమున అచటనుండు మేలుచేయు సూక్ష్మజీవులు ఆమ్లమును పుట్టించి ఇతర క్రిములను పారద్రోలుచుండును. ఈస్ట్రోజెన్ తగ్గగా ఆ సూక్ష్మజీవులు తగ్గి, ఆమ్లత్వము నశించి, మంట, దురద, మాటిమాటికి మూత్రబాధ కలుగును. గర్భాశయములోపల ఎదురెదురు గోడలు తమ నడుమనుండు ద్రవము లేక ఒరసికొని సూక్ష్మవ్రణములు పడును. పైపొర పలుచనైనందున దాని క్రిందనున్న సన్నని రక్తనాళములు చిట్లును. దాంపత్య సంబంధానంతరము కనబడు చుక్కలకు ఇది సామాన్యమైన హేతువు. అయితే మనవైపు స్త్రీలు ఈ మాట వైద్యునితో పలుకుటకు సంకోచించి, ఎప్పుడు కనబడినదన్న ప్రశ్నకు 'ఊరక కనబడినది' అని చెప్పి ఊరకుందురు. అడుగువారు మెలకువతో అడుగవలసిన తావు ఇది. యోనిలో రాయు ఈస్ట్రోజెన్ లేపనము కొద్దివారములలో ఈ పరిస్థితిని చక్కదిద్దును. దానినుండి రక్తములోనికి చేరు మోతాదు అత్యల్పము. కాని పొర పలుచబడినదను నిర్ణయము ఇతరమైనవానిని తోసిపుచ్చిన పిదప చేయవలసినదేగాని, చూచినంతనే చేయదగినది కాదు. యోనిగోడలు పాలిపోయి యున్నవారికి గర్భాశయములో క్యాన్సరుండరాదను నియమమేదియు లేదు.

పొర పెరుగుటకు సంబంధించిన కథ ఇరువదవ శతాబ్దపు వైద్యచరిత్రలో ఒక విపులాధ్యాయము. గర్భిణియైన గుఱ్ఱపు మూత్రమునుండి తీసిన ఈస్ట్రోజెన్ మాత్ర ప్రెమరిన్ అను పేర 1942లో అమెరికాదేశపు విపణిలో ప్రవేశించినది. వేడియావిరులు, నిద్రలేమి మొదలగు బాధలకు అది నిజముగనే ఉపశమనము నొసంగినది. 1966లో రాబర్ట్ విల్సన్ అను వైద్యుడు, ఋతువిరామము హార్మోను కొరతచే కలుగు వ్యాధియనియు, జీవితాంతము ఈస్ట్రోజెన్ సేవించిన స్త్రీకి యౌవనము చెడదనియు వాదించుచు రచించిన గ్రంథము లక్షలకొలది పాఠకులనాకర్షించినది. ప్రకృతిసిద్ధమైన యొక దశను రోగమని చాటి మందమ్ముట వర్తకమునకు లాభకరమే. దాని మూల్యము మాత్రము స్త్రీలు చెల్లించిరి. 1975 డిసెంబరులో అమెరికా వైద్యపత్రిక యొకదానిలో వెలువడిన రెండు పరిశోధనలు, ప్రొజెస్టిరోన్ తోడు లేక ఈస్ట్రోజెన్‌నొక్కదానినే సేవించినవారికి గర్భాశయపు లోపొర క్యాన్సరు అనేకరెట్లు అధికముగా వచ్చుచున్నదని నిరూపించినవి. అప్పటినుండి గర్భాశయమున్న స్త్రీకి ఈస్ట్రోజెన్ ఇచ్చునప్పుడు ప్రొజెస్టిరోన్ జాతి మందును జతపరచుట వైద్యధర్మమైనది. ప్రొజెస్టిరోన్ లేని గర్భాశయము నీరు పెట్టుటయేగాని కోత యెరుగని చేనువంటిది. పైరు పెరిగి, పడిపోయి, చివరకు కలుపు పుట్టును. నేడు ఆ రెండు మందులను కలిపి ప్రతిదినము సేవించువారికి మొదటి ఆరుమాసములలో అప్పుడప్పుడు చుక్కలు కనబడుట అనూహ్యము కాదు. ఆరుమాసములు దాటియు కొనసాగినచో, లేక ఆగి మరల మొదలైనచో, మందుమీదికి నెపము నెట్టక పరీక్ష చేయవలెను.

బయటినుండి మందుగా రాకున్నను, ఈస్ట్రోజెన్ శరీరములోనే పుట్టుటకు మార్గము కలదు. అండాశయములు ఉడిగిన తరువాతను ఎడ్రినల్ గ్రంథులు స్రవించు ఆండ్రోస్టీన్‌డయోన్ అను పదార్థము కొవ్వు కణజాలములో ఈస్ట్రోన్ అను ఈస్ట్రోజెన్‌గా మారును. స్థూలకాయులకు కొవ్వు ఎక్కువ కనుక ఈ మార్పును ఎక్కువ. దానిని సమముచేయు ప్రొజెస్టిరోన్ మాత్రము పుట్టదు. ఇందుచేతనే స్థూలకాయము, మధుమేహము, సంతానము లేకపోవుట, చిన్నతనమున ముట్లు సక్రమముగా రానట్టి పాలిసిస్టిక్ అండాశయ దోషము, ఆలస్యముగా ముట్లుడుగుట అనునవి లోపొర క్యాన్సరుకు సోపానములుగా పరిగణింపబడుచున్నవి. అపురూపముగా అండాశయమున పుట్టు గ్రాన్యులోసా కణపు కంతియు స్వయముగా ఈస్ట్రోజెన్‌ను స్రవించి లోపొరను ఉబ్బించును. రొమ్ము క్యాన్సరుకు వాడు టామోక్సిఫెన్ మందుది మరియొక విచిత్రవైఖరి: రొమ్ములో ఈస్ట్రోజెన్‌కు అడ్డుపడునదే గర్భాశయములో ఈస్ట్రోజెన్‌వలె ప్రవర్తించి, లోపొర క్యాన్సరు అవకాశమును రెండు మూడు రెట్లు హెచ్చించును. రొమ్ము చికిత్స పొందినవారికి ఈ మందువలన కలుగు లాభము ఆ నష్టముకంటె ఎంతో యధికము గనుక మందు మానరాదు. చుక్క కనబడినచో మాత్రము కాలవిలంబము తగదు.

పెరుగుదల మూడు రూపములు ధరించును. మొదటిది పాలిప్, అనగా లోపొరనుండి తొడిమతో వ్రేలాడు మెత్తని కంతి; చాలవరకు నిరపాయమేయైనను, ముట్లుడిగిన తరువాత రక్తము కార్చు పాలిప్‌లలో కొన్ని క్యాన్సరును దాచియుండును గనుక తీసి పరీక్షించుట మేలు. రెండవది పొర యంతటను దట్టమగుట. దీనిలో కణముల ఆకృతి చెడనియెడల ఇరువదియేండ్లలోను నూటికి అయిదుగురికన్న తక్కువమందికే క్యాన్సరుగా పరిణమించును. ఆకృతి చెడినచో మాత్రము అది గడపలో నిలిచిన క్యాన్సరే. అట్టివారి గర్భాశయమును తొలగించి పరిశీలించగా, నూటికి నలుబదిమందిలో అప్పటికే క్యాన్సరు అంకురించియున్నట్లు 2006లో ప్రకటితమైన ఒక అమెరికా అధ్యయనమున వెల్లడియైనది. మూడవది క్యాన్సరే. 1983లో రష్యా శాస్త్రజ్ఞుడు బోఖ్‌మాన్ దీనిని రెండు తెగలుగా విభజించెను: ఈస్ట్రోజెన్ పోషణచే స్థూలకాయులలో మెల్లగా పెరుగునది ఒకటి, హార్మోనుతో ప్రమేయము లేక, కృశించిన లోపొరలోనే పుట్టి శీఘ్రముగా వ్యాపించునది రెండవది. ఇటీవల జన్యుపరీక్షలు ఈ విభజనను మరింత సూక్ష్మము చేసినను, రెండవ తెగ యుండుననుట మరువరాదు. పలుచని పొరయు అమాయకము కాకపోవచ్చునని అది హెచ్చరించుచున్నది. కొన్ని కుటుంబములలో ఈ క్యాన్సరును పెద్దప్రేగు క్యాన్సరును తరతరములుగా నడచును. 1895లో మిచిగన్‌లో ఆల్డ్రెడ్ వార్థిన్ అను వైద్యునితో ఒక కుట్టుపనిచేయు యువతి, తన వంశీయులవలెనే తానును కడుపు, ప్రేగు లేక గర్భాశయ వ్యాధిచే మరణింతునని చెప్పినదట. చెప్పినట్లే పిదప గర్భాశయ క్యాన్సరుచే కన్నుమూసినది. ఆ వంశవృక్షమును శోధించుటతో ఆరంభమైన పరిశోధన నేడు లించ్ సిండ్రోమ్ అను పేర ప్రసిద్ధమైనది. అందుచే రక్తస్రావముతో వచ్చిన రోగిణిని, మీ తల్లికి, తోబుట్టువులకు ప్రేగు లేక గర్భాశయ క్యాన్సరు వచ్చినదా యని అడుగుట మర్యాదకొరకు కాదు.

ఇంతవరకు చెప్పినదంతయు గర్భాశయపు లోపలి సంగతి. భారతదేశమున, విశేషించి పల్లెపట్టుల బీద స్త్రీలలో, వైద్యుడు ముందుగా తలచవలసినది గర్భాశయపు ముఖద్వారమును గూర్చి. పాశ్చాత్య గ్రంథములు లోపొర క్యాన్సరుకు అగ్రస్థానమిచ్చి వ్రాయుట ఆ దేశముల స్థితికి తగినదే. అచట ముఖద్వార పరీక్షలు దశాబ్దములుగా జరుగుటచే ఆ క్యాన్సరు తగ్గినది. మనదేశములో 2022 లెక్కల ప్రకారము ఏటేట లక్షా ఇరువదియేడు వేలమందికి పైగా స్త్రీలకు ముఖద్వార క్యాన్సరు సోకుచుండగా, సుమారు ఎనుబదివేలమంది మరణించుచున్నారు. లోపొర క్యాన్సరు సోకువారి సంఖ్య ఇరువదివేలకు లోబడియున్నది. కనుక రోగిణిని చూడకయే స్కానింగునకు పంపి, 'పొర పలుచగానున్నది, భయము లేదు' అని చీటీ వ్రాసియిచ్చు పద్ధతి మనచోట మిగుల ప్రమాదకరము. స్కానింగు కంటికి కనబడని ముఖద్వార వ్రణము, లోనికి సాధనము చొప్పించి దీపపు వెలుగున చూచిన నర్సుకు కూడ తెలిసిపోవును. ఈ క్యాన్సరుకు మూలకారణము హ్యూమన్ పాపిలోమా వైరస్ అని కనుగొన్నందుకు జర్మనీ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమానము లభించినది. ఈ వైరస్ సోకకుండ బాలికలకు టీకాయు, తొలిదశను పసిగట్టుటకు పలుచని వెనిగర్ అద్ది చూచు చౌకైన పరీక్షయు నేడు లభించుచున్నవి.

తక్కిన కారణములను సంక్షేపముగా పేర్కొనవచ్చును. పలుకాన్పులచే గర్భసంచి జారి వెలుపలికి వచ్చిన స్త్రీలలో బట్టల రాపిడికి పుండు పడి రక్తము కారును. పొలములో వంగి పనిచేయు కూలితల్లులలో ఇది తరచుగా కనబడును. జారిన గర్భసంచిని నిలుపుటకు అమర్చిన ఉంగరమును నెలల తరబడి శుభ్రము చేయకుండినను ఇట్లే యగును. రక్తము పలుచబడుటకు మందులు సేవించు హృద్రోగులకును స్రావము కలుగవచ్చునుగాని, మందు దాగిన వ్యాధిని బయటపెట్టునదియు కావచ్చును. మూత్రద్వారపు ఎర్రని మొటిమ, మూత్రాశయపు వ్యాధి, మొలలు అనునవి తమ రక్తమును యోనిస్రావముగా భ్రమింపజేయును. వృద్ధురాలికి బట్టమీది మరక ఎచటినుండి వచ్చినదో తెలియుట కష్టము.

ఈ రక్తపు మూలమును కనుగొను ప్రయత్నముతో వైద్యసాధనములనేకము ముడిపడియున్నవి. గర్భాశయములోపలికి దుర్భిణివంటి గొట్టమును పంపి చూచు హిస్టెరోస్కోపీ మొట్టమొదట ప్రయోగింపబడినది ఇట్టి రోగిణియందే. 1869లో పాంటలియోని అను వైద్యుడు, ముట్లుడిగి స్రావముతో బాధపడుచున్న అరువదియేండ్ల స్త్రీ గర్భాశయములోనికి, మూత్రాశయమును చూచుటకు నిర్మింపబడిన గొట్టమును ప్రవేశపెట్టి, పాలిప్‌ను కన్నులారగాంచి, దానిని సిల్వర్ నైట్రేటుతో కాల్చెను. దానికి పూర్వమే ఫ్రాన్సుదేశమున జోసెఫ్ రెకామియె గర్భాశయపు లోపొరను గీకి తీయు చెంచావంటి సాధనమును కల్పించియుండెను. ఆ మార్గముననే డీ అండ్ సీ అను ప్రసిద్ధ క్రియ ఏర్పడి, నూరేండ్లకు పైగా రోగనిర్ణయమునకు తుదిమాటగా చెలామణియైనది. అయితే గ్రుడ్డిగా గీకునప్పుడు చాలమందిలో పొరలో సగము కూడ చేతికి రాలేదని 1970వ దశకమున తేలినది. ఇరువదవ శతాబ్ది చివర వచ్చిన పైపెల్ అను సన్నని ప్లాస్టిక్ గొట్టము, మత్తు అవసరము లేకయే, సాధారణ పరీక్షాగదిలోనే, కొద్ది నిమిషములలో లోపొర తునకను పీల్చితెచ్చును. నొప్పి ముట్టునాటి నొప్పిని పోలియుండును, త్వరలో తగ్గును. పొర యంతటను వ్యాపించిన క్యాన్సరును అది దాదాపుగా తప్పక పట్టును; ఒక మూలనున్న చిన్న కంతిని, పాలిప్ చివరనున్న దోషమును మాత్రము దాటిపోవచ్చును.

అల్ట్రాసౌండ్ రాకతో తొలిమెట్టు మరింత సులభమైనది. యోనిద్వారా పంపు పరికరముతో లోపొర మందమును మిల్లీమీటర్ల లెక్కన కొలువవచ్చును. 1995లో స్వీడను మొదలగు ఉత్తరయూరోపు దేశముల వైద్యశాలలు కలసి 1,168మంది రక్తస్రావ రోగిణులను పరీక్షించగా, నాలుగు మిల్లీమీటర్లు గాని అంతకు తక్కువ గాని మందమున్నవారిలో ఒక్కరికైనను క్యాన్సరు కనబడలేదు. నాలుగు మిల్లీమీటర్ల రేఖ నాటినుండి స్థిరపడినది. అంతకు లోబడిన పొరలో క్యాన్సరుండు అవకాశము నూటికి ఒకటికన్న తక్కువ. ఈ రేఖ రక్తము కనబడినవారికి వర్తించునదేగాని, వేరే పనికై తీసిన స్కానింగులో మందము కొంచెమెక్కువగా కనబడి, స్రావమే లేనివారికి వర్తించదు. అట్టివారిని తునక తీసి పరీక్షించు బయాప్సీకి పంపి నిద్ర చెడగొట్టుట అనవసరము. వారి విషయమున పదునొకండు మిల్లీమీటర్లు దాటినప్పుడు మాత్రమే శంక కలుగవలెనని పరిశోధకులు సూచించిరి. పలుచని పొర చూపినను స్రావము మరల కనబడినచో, కొలతను నమ్మి కూర్చుండక తునక తీయవలెను. పైన పేర్కొన్న రెండవ తెగ క్యాన్సరు ఇటువంటి సందర్భములలోనే వైద్యుని మోసగించును. గ్రీసుదేశమున జన్మించిన పాపనికొలౌ పేర వెలసిన పాప్ పరీక్ష ముఖద్వారమునకు ఉపయోగించునదియేగాని, లోపొర వ్యాధిని పట్టుటకు నమ్మదగినది కాదు. అది బాగున్నదని వచ్చిన చీటీ రక్తస్రావమునకు సమాధానము కాజాలదు.

కారణమునుబట్టి చికిత్స. పలుచబడిన యోనికి లేపనము. పాలిప్‌కు హిస్టెరోస్కోపీతో తొలగింపు. కణాకృతి చెడని దట్టపు పొరకు ప్రొజెస్టిరోన్ మాత్రలు, లేక ఆ మందును లోపలనే కొద్దికొద్దిగా విడుచు లూప్. ఆకృతి చెడిన పొరకును, లోపొర క్యాన్సరుకును గర్భాశయమును, అండాశయములను, వాని నాళములను తొలగించుటయే ప్రధానమార్గము. వ్యాధి లోతును బట్టి కిరణచికిత్సను, మందులను చేర్తురు. గర్భాశయపు హద్దు దాటని దశలో చికిత్స జరిగినవారిలో నూటికి తొంబదిమందికి పైగా అయిదేండ్ల పిమ్మటను జీవించియుందురు. స్రావము ఆరంభముననే కనబడి హెచ్చరించుట ఈ క్యాన్సరు చూపు దయ. ఆ హెచ్చరికను ఆరునెలలు దాచిపెట్టుట మనము దానికి చేయు ప్రత్యుపకారము. ముఖద్వార క్యాన్సరుకు తొలిదశలో శస్త్రచికిత్స, ముదిరినప్పుడు కిరణచికిత్సతోబాటు మందులు. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రివంటి ప్రభుత్వసంస్థలలో ఈ చికిత్స లభించుచున్నది.

తెలుగునాట ఈ విషయమునకు రెండు విపరీతములు తోడైనవి. ఒకటి మౌనము. ముట్టు, మైల అను మాటలతో ముడివడిన సంగతిని అరువదియేండ్ల అవ్వ కొడుకుతో చెప్పలేదు. కోడలికి చెప్పుటకు సిగ్గుపడును. 'ఎర్రబట్ట' కనబడినదని తన యీడు దానికొకతెకు చెప్పి, ఆమె సలహాతో చలువచేయు కషాయములు త్రాగి, మాసములు గడుపును. ఇంటిలోని మగవారికి తెలియునప్పటికి దుర్వాసన, నడుమునొప్పి, కాలివాపు వచ్చియుండును. రెండవది తొందర. పిల్లలు పుట్టిరి గదా, ఇక గర్భసంచితో పనియేమని, తెల్లబట్టకును నడుమునొప్పికిని కూడ దానిని తీసివేయుట మన రెండు రాష్ట్రములలో అసాధారణముగా వ్యాపించినది. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో 15 నుండి 49 యేండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతటిమీద నూటికి మూడుగురు చిల్లర కాగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఎనిమిదిమందికి పైబడిరి. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టు మార్గదర్శకసూత్రములను రాష్ట్రములన్నియు అమలుపరుపవలెనని 2023లో సర్వోన్నత న్యాయస్థానము ఆదేశించినది. మౌనమును తొందరయు పరస్పరవిరుద్ధములుగా కనబడినను వాని మూలమొక్కటే: రెండింటిలోను మధ్యనుండవలసిన పరీక్ష జారిపోవుచున్నది. ముట్లుడిగిన తరువాత రక్తము కనబడినదన్నంతనే బయాప్సీ చేయకయే గర్భసంచి తీసివేయువారు రోగిణిని రక్షించుచున్నామనుకొందురుగాని, లోపల ముఖద్వార క్యాన్సరు దాగియున్నచో చేసిన శస్త్రక్రియ ఆ వ్యాధికి తగినది కాకపోగా, పిమ్మటి కిరణచికిత్సను మరింత క్లిష్టము చేయును.

గర్భసంచి తీసివేసినవారికి ఇక రక్తస్రావము రాదనుకొనుటయు పొరపాటే. ఆపరేషన్ జరిగిన కొద్దినెలలలో యోని పైకొనయందు కుట్టు మానినచోట ఎర్రని మాంసాంకురము పెరిగి చుక్కలు కార్చవచ్చును. అది వైద్యశాలలోనే సులభముగా కాల్చివేయదగినది. చిన్నవయస్సుననే అండాశయములను కూడ కోల్పోయినవారికి యోని త్వరగా కృశించి, ముప్పదియైదేండ్లకే వృద్ధస్త్రీల బాధలు కలుగును. గర్భాశయపు పైభాగమును మాత్రము తీసి ముఖద్వారమును మిగిల్చినచో, ఆ మిగిలిన ముఖద్వారమునకు క్యాన్సరు అవకాశము మునుపటివలెనే యుండును. తనకు జరిగినదేమో స్త్రీకి స్వయముగా తెలియకుండుట మన పల్లెలలో సర్వసామాన్యము. 'సంచి తీసినారు' అనుటతో ఆమె ఎరుక ముగియును. అందుచేత ఆపరేషన్ కాగితమును, తీసిన భాగమును సూక్ష్మదర్శినిలో పరీక్షించి ఇచ్చిన బయాప్సీ నివేదికను భద్రపరచి, పదునైదేండ్ల తరువాత స్రావము కనబడినను వానిని వెంటగొనిపోవుట అవసరము; కాగితము లేనప్పుడు వైద్యుడు సాధనముతో చూచి, ముఖద్వారము మిగిలియున్నదో లేదో ముందుగా నిర్ణయించి, అందుకు తగిన పరీక్షలను ఆరంభింపవలెను.